దిగుడు గూడ రేసే

ఈ నాలుగు పేజీలు రాయవలసి రావడానికి కారణం ఒక ఫ్లెక్సీ. ఇబ్రహీంపట్నంలో యాచారం వైపు పోయే బండ్లు ఆగే చోట, టిఫిన్ సెంటర్ రేకులకూ కరెంటు స్తంభానికీ మధ్య కట్టారు దాన్ని. పైన శ్రద్ధాంజలి అని పెద్ద అక్షరాలు, కింద ఆయన ఫోటో, ఫోటో వెనక ఒక రేసు కారు. ఫోటో బాగానే వచ్చింది. తప్పంతా కారుది. సన్నగా పొడుగ్గా, చక్రాలు బయటికి పెట్టుకుని, పైకప్పు లేకుండా, నడిపేవాడి తలకాయ ఒక్కటే కనిపించే కారు అది. ఒక్క మనిషి కోసం చేసిన బండి. పందెం మొదట్లో ఎక్కినవాడే చివరిదాకా నడుపుతాడు. ఆయన ఆ జాతి కార్లను ఎన్నడూ ఒప్పుకోలేదు. టీవీలో అవి కనిపిస్తే "గవి ఒంటిగాని బండ్లు, మార్చు" అనేవాడు. ఇప్పుడు అదే బండి ముందు దండ వేసుకుని నిలబడి ఉన్నాడు.

ఎండకూ వానకూ ఆ ఫ్లెక్సీ వెలిసిపోతుంది, కానీ తప్పు పోదు. స్టాండుకు కొత్తగా వచ్చిన డ్రైవర్లు ఆయన నడపగా చూసినవాళ్ళు కాదు. ఇకముందు వచ్చేవాళ్ళకు ఆయనంటే ఆ బొమ్మే. ఎవరో ఒకరు సరిచేయాలి. చూసినవాళ్ళలో కాగితం మీద పెట్టగలిగినవాణ్ణి నేనే మిగిలాను.

పేరు మాత్రం రాయడం లేదు. ఆయన భార్య యాదమ్మ వదిన ముందే చెప్పింది. "పేరు రాస్తె అదింకో ఫ్లెక్సీ అయితది. మనిషిని రాయి" అన్నది.

నాకు చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాతిదంతా మా శాఖా గ్రంథాలయంలో, చెయ్యి విరిగిన చెక్క కుర్చీలో కూర్చుని చదివిందే. బండి వంతు వచ్చేదాకా అక్కడే ఉండేవాణ్ణి. మొదట పేపర్లు, తర్వాత విజ్ఞాన సర్వస్వం సంపుటాలు, ఆ తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు మోటారు పత్రికలు. ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నానని గర్వంగానే చెప్పుకుంటాను. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచినట్టు గుర్తులేదు. "ఏం లైబ్రరీ, ఏమంటున్నయ్ నీ పుస్తకాలు?" అనేవాడు. స్టాండులో ఇప్పటికీ నా పేరు అదే.

హైదరాబాదు పెరిగి పెరిగి మా మీదికి వచ్చిన ఏళ్ళవి. బడంగ్‌పేట్ దగ్గర ఆగుతుందనుకున్న ఊరు ఆదిబట్ల దాటింది. చేలల్లో ప్లాట్ల తెల్లరాళ్ళు పాతారు. రింగురోడ్డు అయ్యింది, కంపెనీలు వచ్చాయి. వాటికి పొద్దున మనుషుల్ని చేర్చాలి, సాయంత్రం తెచ్చి దింపాలి. ట్రాక్టర్ తోలినవాడూ, లారీ తోలినవాడూ, ఏదీ తోలనివాడూ క్యాబ్ డ్రైవరే. అందరూ పొద్దు పొడవకముందే ఎక్కి, ఎప్పుడు దిగుతారో తెలియకుండా నడిపేవాళ్ళు. ఆ ఏళ్ళలో మా స్టాండులో తెల్లగా ఉన్న కళ్ళు నేను చూడలేదు. ఇది రాస్తుంటే కూడా నడుము పట్టేస్తున్నది. అప్పుడు పోగొట్టుకున్న నిద్ర మాలో ఎవరికీ తిరిగి రాలేదు.

మా బండి ఒకటే, మనుషులం ముగ్గురం. ఆయన, నేను, మాకంటే చిన్నవాడైన శ్రీశైలం. అట్లా ముగ్గురు కలిసి ఒక కారు పెట్టుకోవాలన్న ఆలోచన ఆయనదే. అది ఆయనకు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి.

ఒకసారి కంపెనీకి వచ్చిన అతిథిని తీసుకుని సిటీలో ఒక పెద్ద హోటలుకు పోయాడు. డ్రైవర్ల కోసం కేటాయించిన గదిలో టీవీ ఉందట. సాయంత్రం అందులో కార్ల పందెం మొదలైంది, ఫ్రాన్స్ దేశంలో. కాసేపు చూసి ఇంటికి వచ్చి పడుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం అదే అతిథి కోసం అదే గదికి పోయి కూర్చుంటే, అదే పందెం నడుస్తున్నది. స్టాండుకు వచ్చి నన్ను వెతుక్కుంటూ లైబ్రరీలోకి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, గుడిలోకి వచ్చినట్టు.

"తమ్మి, నిన్న పొద్దుమీకి చూసిన బండ్లే ఇయ్యాల పగటీలి గూడ ఉరుకుతున్నయ్. నేను ఇంటికొచ్చి, పండి, లేచి, మళ్ల పోయిన. అవి ఆగలే."

"మనుషులు సావరా?" అన్నాను.

"గదే చెప్తున్న. బండికి ముగ్గురుంటరు. బండొచ్చి ఆగుతది, ఒకడు దిగుతడు, ఒకడు ఎక్కుతడు. దిగినోణ్ని ఎవ్వడేమనడు. ఎందుకు దిగినవ్ర అని అడగరు. వాడు పోయి పంటడు. పన్నా గూడ వాడు రేసుల ఉన్నట్టే." తనకు తానే చెప్పుకున్నట్టు అన్నాడు. "దిగుడు గూడ రేసే."

అప్పటినుంచి అది ఆయన మాట అయిపోయింది.

నేను పుస్తకాలు తిరగేసి నిజానిజాలు చూశాను. ఇరవైనాలుగు గంటలు ఆగకుండా సాగే పందెం. ఒక డ్రైవర్ ఏకబిగిన ఇన్ని గంటలకు మించి నడపకూడదని నియమం నిజంగానే ఉంది. చెప్తే ఆయన మొఖంలో ఆశ్చర్యం ఏమీ లేదు. "ఉండాలె మరి" అన్నాడంతే. మా బండికీ అదే నియమం పెట్టాడు. వంతు అయిపోతే ఎక్కడ ఉన్నా టిఫిన్ సెంటర్ దగ్గరికి వచ్చి తాళం చేతికివ్వాలి. ఇచ్చేముందు ఆయన తన భుజం మీది తువ్వాలతో స్టీరింగ్ తుడిచేవాడు. దుమ్ము ఉందని కాదు. నా చెమట నీకెందుకు అన్నట్టు.

నడిపేటప్పుడు చెప్పులు వేసుకునేవాడు కాదు. భక్తి అనుకున్నారు కొందరు. అడిగితే "బ్రేకు కాలికి మాట్లాడతది, చెప్పుంటె ఇనవడది" అనేవాడు. నోట్లో ఎప్పుడూ ఒక వక్కపలుకు. కోపం వస్తే అది ఎడమ బుగ్గకు పోయేది. మేమంతా ఆ బుగ్గ చూసి మాట్లాడేవాళ్ళం.

మృగశిర వచ్చిందంటే మా దిక్కు రైతులు మబ్బు వైపు చూస్తారు. ఆయన ఫోన్ వైపు చూసేవాడు, ఎందుకంటే ఆ పందెం ఆ రోజుల్లోనే వస్తుంది. ఆదివారం పొద్దున్నుంచి టిఫిన్ సెంటర్ బల్ల మీద ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి పెట్టి కూర్చునేవాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన వెంకటేశ్వర్లు గారిది ఆ టిఫిన్ సెంటర్. "ఏమండీ, మీ కార్లు ఎక్కడికీ పోవుగానీ నా చక్కెర డబ్బా ఇవ్వండి, టీకి కావాలి" అనేవారు. ఈయన డబ్బా ఇచ్చి ఉప్పుడబ్బా తెచ్చుకునేవాడు.

ఆ పందెంలో ఆయనకు అన్నిటికంటే నచ్చినది తరగతులు. అన్ని కార్లూ ఒకే దారిలో, ఒకే సమయంలో పరిగెత్తుతాయి కానీ అందరిదీ ఒకే పందెం కాదు. అన్నిటికంటే వేగంగా పోయేవి పందెం కోసమే పుట్టిన బండ్లు. వాటి నంబరు వెనక ఎర్ర రంగు. వాటి తర్వాతివాటికి నీలం. అన్నిటికంటే మెల్లగా పోయేవి మన రోడ్ల మీది కార్లను పోలి ఉండేవి. వాటికి నారింజ. ఎర్రవాడు నారింజవాణ్ణి ఎన్నిసార్లు దాటిపోయినా ఆ గెలుపు లెక్కలోకి రాదు. నారింజవాడికి నారింజవాడితోనే పోటీ. అందరికంటే వెనకగా వచ్చినా తన తరగతిలో ముందుంటే వాడూ మెట్టెక్కి దండ వేయించుకుంటాడు.

కింది తరగతిలో ప్రతి బండికీ ఒకడు రేసు బతుకుదెరువు కాని మనిషి ఉండాలని కూడా చదివి చెప్పాను. వ్యాపారో, డాక్టరో, ఎవరో ఒకరు. ఆయన నవ్వాడు.

"అంటే నువ్వే. నీకు బండి బతుకుదెరువు ఏడిది? కూసొని చదువుకునే జాగ."

మా స్టాండులో రోజూ తగాదాలే. యాచారం పోయే ఆటోల ప్యాసింజర్లను క్యాబ్‌లవాళ్ళు ఎక్కించుకునేవాళ్ళు, ఊళ్ళో తిరిగే చిన్న ఆటోల ప్యాసింజర్లను పెద్ద ఆటోలవాళ్ళు. ఆయన ఈ తరగతులను తెచ్చి స్టాండు మీద పెట్టాడు. సిటీకి పోయే క్యాబ్‌లకు ఎర్ర రేడియం స్టిక్కర్, యాచారం ఆటోలకు నీలం, ఊరి ఆటోలకు నారింజ. తనే కత్తిరించి, తనే అద్దాల మీద అతికించాడు. "పెద్దోడు చిన్నోణ్ని గెలిచి ఏం జేసుకుంటడు? ఎవని క్లాసుల వాడు ఉరుకుండ్రి" అన్నాడు.

రెండు రోజులకే క్యాబ్‌లు ఖాళీ. జనం ఎర్ర స్టిక్కర్ చూసి దూరం జరుగుతున్నారు. ఎందుకో మాకు అర్థం కాలేదు. చివరికి తొండలు పాకే పొలం గెట్ల మీదినుంచి నడిచి వచ్చిన ఒక ముసలి రైతు, చేతిలో సంచి పట్టుకుని, స్టిక్కర్ వైపు వేలు చూపించి చెప్పాడు.

"ఎర్రగుర్తంటె పక్క విషం గదా. మందుల దుకాన్ల డబ్బ మీద చూస్తలేమా? ఎర్రది ముట్టుకుంటనే పాణం పోతది. నీలం జర నయం. మేం నీలం దాన్ల పోతం."

"మరి నారింజది, బాపు?"

"గది ఏ మందు మీద లేదు. గదేందో ఎవలికి ఎరుక. ఎందుకొచ్చిన లొల్లి."

పురుగుమందు డబ్బాల మీద ఉండే గుర్తులతో పోల్చుకున్నారన్నమాట. ఆయన నవ్వి నవ్వి చివరికి అరుగు మీద కూలబడ్డాడు. వక్కపలుకు గొంతులో పడి దగ్గు వచ్చింది. స్టిక్కర్లన్నీ పీకేశాడు. కానీ వరసలు మాత్రం నిలిచాయి. ఇప్పటికీ మా స్టాండులో క్యాబ్‌లు ఒక వరస, పెద్ద ఆటోలు ఒక వరస, చిన్నవి ఒక వరస. ఎందుకని కొత్తవాళ్ళు ఎవరూ అడగరు.

హైబ్రిడ్ అన్న మాటతో ఇంకో ముచ్చట. పై తరగతి కార్లు చాలావరకు హైబ్రిడ్‌లు. పెట్రోలు ఇంజనుతో పాటు కరెంటు మోటారు కూడా ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే బలాన్ని ఆ మోటారు కరెంటుగా మార్చి దాచిపెడుతుంది, మళ్ళీ వేగం అందుకునేటప్పుడు వాడుకుంటుంది. వెనకటి రోజుల్లో ఒకరు బ్యాటరీలో దాస్తే ఇంకొకరు గిర్రున తిరిగే చక్రంలో దాచేవారని చదివాను. ఇదంతా ఆయనకు చెబుతుంటే పక్కన టీ తాగుతున్న రైతు విన్నాడు.

"హైబ్రిడ్ అంటె గింజ మళ్ల మొలువది" అన్నాడు. "ఏటేటా కొత్తది కొనాలె. గా బండి గూడ ఏటేటా కొనాలెనా?"

"అవ్. రేసోళ్ళు ఏటేటా కొత్తది చేసుకుంటరు" అన్నాడు ఈయన గంభీరంగా.

"అట్లనా? మరి రుచెట్లుంటది?"

"టమాట లెక్కనే. తోలు మందం."

రైతు తల ఊపి డబ్బులిచ్చి పోయాడు. కానీ బలం దాచే సంగతి ఆయనకు హాస్యం కాదు. తర్వాత రోజంతా అదే ఆలోచన. "ఆపితె బలం పోదు, దాగుతది అంటున్నవ్ గదా. మొత్తం దాగుతదా?" అని అడిగాడు. మొత్తం కాదు, కొంతే, మిగతాది వేడి కింద పోతుంది అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. మొత్తం దక్కుతుందనే చివరిదాకా నమ్మాడు. పుస్తకం తెచ్చి చూపించినా "అచ్చు తప్పు పడ్డది" అన్నాడు.

శ్రీశైలాన్ని దించిన రోజు చెప్పాలి. పొద్దున కంపెనీ వాళ్ళను ఎక్కించుకుని ఆదిబట్ల వైపు పోతున్నాడు శ్రీశైలం. ఆ రోజు ఆయన కూడా ముందు సీట్లో ఉన్నాడు, నేను వెనకాల. శ్రీశైలం చెల్లెలి పెళ్ళి పనులు, నాలుగు రోజులుగా కన్ను మూయలేదు. కళ్ళు మూతపడి తెరుచుకున్నాయి. ఒకసారే. ఆయన హ్యాండ్‌బ్రేక్ మీద చెయ్యి పెట్టాడు.

"పక్కకు తియ్యి."

"ఏమైందన్నా?"

"పక్కకు తియ్యి. దిగు."

"అన్నా, ఆఫీసోళ్ళు ఉన్నరు. మస్తు లేటైతది."

"ఉండనీ. దిగు."

వెనక కూర్చున్న అమ్మాయి "అంకుల్, లాగిన్ టైం" అంది. ఆయన అద్దంలో చూసి "బిడ్డా, నీ లాగిన్ రేపు గూడ ఉంటది" అన్నాడు. శ్రీశైలం దిగాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. ఈయన దిగి, వాణ్ణి తన సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, సీటు వెనక్కి వాల్చి, "ఇప్పుడు గూడ నువ్వు రేసులనే ఉన్నవ్. పండు" అన్నాడు. చెప్పులు విడిచి స్టీరింగ్ పట్టాడు. వాడు కంపెనీ గేటు దాకా లేవలేదు.

అట్లా ఎంతమందిని దించాడో. మా బండి వాళ్ళనే కాదు, ఎవరినైనా. ఎర్రబడ్డ కళ్ళతో టీకి వచ్చినవాడి జేబులోంచి తాళం తీసుకుని, బల్ల చూపించేవాడు. తిట్టినవాళ్ళున్నారు. "నువ్వేమన్న ఇన్‌స్పెక్టరువా?" అన్నవాళ్ళున్నారు. ఆయన బుగ్గలోకి వక్క జరిపి కూర్చునేవాడు, వాళ్ళు పడుకునేదాకా.

ఆయనకు షుగర్ ఉందని మాకు తెలుసు. కాళ్ళకు స్పర్శ పోతున్నదని తెలియదు. ఆ సంగతి ముందు తెలిసింది యాదమ్మ వదినకు. ఒక సాయంత్రం కాళ్ళు కడుగుతుంటే మడమలో మేకు కనిపించిందట. పొద్దున్నుంచి దాని మీదే నడిచాడు, నడిపాడు. ఆయనకు తెలియనే లేదు. దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు బండి నడపొద్దన్నాడు. ఆయన బయటికి వచ్చి "గాయనకు మనుషుల కాళ్ళు ఎరుక, డ్రైవర్ల కాళ్ళు ఎరుక లేదు" అన్నాడు. మాకు చెప్పొద్దని ఆమె దగ్గర మాట తీసుకున్నాడు.

తర్వాత కొన్నాళ్ళకు, పట్టపగలు, చౌరస్తాలో, ఆయన నడుపుతుండగా నేను పక్కన ఉన్నాను. ముందు బండ్లు ఆగాయి. మాదీ ఆగాలి. ఆగలేదు. ఎక్కువ వేగమేమీ లేదు, నడిచేంత వేగంతో జరిగి జరిగి పోయి రోడ్డు పక్కనున్న జామకాయల బండికి తగిలింది. కాయలు రోడ్డంతా దొర్లాయి. ఎవరికీ ఏమీ కాలేదు. అమ్మే లచ్చమ్మ "కండ్లు నెత్తిమీదున్నయా?" అని తిడుతూ కాయలు ఏరుకుంటోంది. ఆయన దిగలేదు, ఆమె వైపు చూడలేదు. తన కుడి పాదం వైపు చూస్తున్నాడు. ఎవరిదో అన్నట్టు.

"తొక్కిన తమ్మి" అన్నాడు. "తొక్కిన్ననుకున్న."

ఆ ఒక్క మాటతో అంతా అర్థమైంది. "అన్నా, ఇగ దిగు" అన్నాను. ఆయన నా వైపు తిరిగాడు. నేను ఆయన్ను అంత ముసలిగా అంతకుముందు చూడలేదు.

"నాది కింది క్లాసు అనుకో తమ్మి. ఇగ మెల్లగ నడుపుత. ఎవల్తోని పోటీ లేదు."

"మెల్లగ నడిపినా బ్రేకు కావాలె గదన్నా."

ఆయన బండి వెనక్కి తీశాడు. అందరికీ చెప్పిన మాటలను తనకోసం ఇట్లా వంకర తిప్పుకుంటాడని నేను అనుకోలేదు. నడపడం మానేస్తే ఆయన దగ్గర ఇంకేమీ మిగలదని ఆయన భయం. ఆపకపోతే ఏదో ఒకరోజు జామకాయల చోట మనిషి ఉంటాడని మా భయం. శ్రీశైలం చెప్పి చూశాడు, వెంకటేశ్వర్లు గారు "పెద్దవారు, మీకు చెప్పేంతటివాళ్ళం కామండీ" అంటూనే చెప్పి చూశారు. మా మాటలు ఆయన దగ్గరికి పోయేసరికే మెత్తబడిపోయేవి. ఆయన దించని డ్రైవర్ మాలో లేడు. దిగినవాడు దించినవాణ్ణి ఎట్లా దించుతాడు.

లచ్చమ్మది యాదమ్మ వదిన తల్లిగారి ఊరే. సంగతి ఇంటికి చేరింది.

మర్నాడు పొద్దున కంపెనీ వాళ్ళు వచ్చి వెనక కూర్చున్నారు. ఆయన టీ తాగి వచ్చేసరికి డ్రైవర్ సీట్లో యాదమ్మ వదిన కూర్చుని ఉంది. కొంగు నడుముకు దోపుకుని, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని, నేరుగా ముందుకు చూస్తోంది. తాళం కొంగున ముడివేసి ఉంది.

"ఏందే గిది? దిగు."

"నేను దిగ."

"నీకు బండి నడుపొస్తదా?"

"రాదు. నీకొస్తదా?"

స్టాండంతా ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు.

"పిచ్చి లేసిందా? నేను గీ బండ్ల మీదనే పెరిగిన."

"పెరిగినవ్, ఎవలు గాదన్నరు. మేకు దిగితె తెల్వని కాలు, బ్రేకున్నదో లేదో దానికేం ఎరుక?"

"నాకు చెవుల ఎరుకైతది. సప్పుడును బట్టి."

"చెవుతోని తొక్కుతవా బ్రేకు?"

ఎవరో నవ్వారు. ఆయన బుగ్గ వైపు చూసి నవ్వు ఆపేశారు. వెంకటేశ్వర్లు గారు టీ గ్లాసుతో వచ్చి "అమ్మా, కిందికొచ్చి టీ తాగుతూ మాట్లాడుకోండి, వాళ్ళకి ఆఫీసుకి టైమైపోతుంది పాపం" అన్నారు. "తాగుత. ఈడికే ఇయ్యి" అని కిటికీలోంచి గ్లాసు అందుకుంది. స్టీరింగ్ వెనకే కూర్చుని, ఊదుకుంటూ, తొందర లేకుండా తాగింది. వెనక సీట్లో కంపెనీ వాళ్ళు ఫోన్లు పక్కన పెట్టేశారు.

గ్లాసు తిరిగి ఇచ్చి, అప్పుడు ఆయన వైపు తిరిగింది.

"శ్రీశైలాన్ని దించినవ్. ఈడున్నోళ్ళ అందర్ని దించినవ్. మంచిగనే చేసినవ్. వీళ్ళు నీకు భయపడి అంటలేరు. నాకేం భయం, నేను నీ పెండ్లాన్ని. నువ్వు నడుపుతనంటె నేను దిగ. నా మీదికెక్కి నడుపు."

ఆయన కారు పైకప్పు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. వక్కపలుకు ఎడమ బుగ్గలో ఉన్నది, మెల్లగా జరిగి మధ్యకు వచ్చింది. ఆ తర్వాత భుజం మీది తువ్వాల తీసి, కిటికీలోంచి లోపలికి వంగి, ఆమె చేతుల పక్కనుంచి స్టీరింగ్ చుట్టూ తుడిచాడు. ఒక్కో అంగుళం తుడిచాడు.

"ఎక్కుర శ్రీశైలం" అన్నాడు.

యాదమ్మ వదిన వెంటనే దిగలేదు. శ్రీశైలం వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాక దిగి, కొంగు ముడి విప్పి తాళం వాడి చేతికే ఇచ్చింది. భర్తకు ఇవ్వలేదు.

ఆ తర్వాత అంతా సవ్యంగా జరిగిందని రాస్తే అబద్ధం అవుతుంది. ఆయన నెలల తరబడి స్టాండుకు రాలేదు. ఎవరు పోయినా గోడ వైపు తిరిగి పడుకునేవాడు. నేను లైబ్రరీ నుంచి పత్రిక పట్టుకుని పోతే "షెడ్డుల వెట్టిన బండికి పేపరెందుకు?" అన్నాడు. ఆమెతో మాట్లాడడం కూడా మానేశాడు. ఆమె మాత్రం ఆయనతో మాట్లాడుతూనే ఉండేది, జవాబు వచ్చినట్టే.

ఒకరోజు పత్రికలో ఒక కారు గురించి చదివి వినిపించాను. పందెం మధ్యలో చెడిపోయి గ్యారేజీలోకి పోయింది. గంటల కొద్దీ విప్పి బిగించారు. పోటీలో ఉన్నవాళ్ళు ఎన్ని చుట్లు ముందుకు పోయారో లెక్కే లేదు. అయినా ముగింపు ముందు మళ్ళీ బయటికి వచ్చి, మెల్లగా నడుచుకుంటూ గీత దాటింది.

గోడ వైపు తిరిగే అడిగాడు. "లెక్కల వేస్తరా దాన్ని?"

"కొంత దూరం నడిచి ఉంటె వేస్తరు."

"నేను నడిచిన్ననా?"

"నడిచినవన్నా."

గోడ వైపే చూస్తూ "ఇంకోసారి చదువు" అన్నాడు. చదివాను. మళ్ళీ చదవమన్నాడు. మూడోసారికి ఆయన గురక వినిపించింది.

ఆ మృగశిరకు టిఫిన్ సెంటర్‌కు వచ్చి, ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి కూర్చున్నాడు, కాళ్ళకు మెత్తటి చెప్పులతో. ఆ తర్వాతి ఏళ్ళలో అదే ఆయన చోటు. ఎర్రకళ్ళ డ్రైవర్ల తాళాలు అక్కడ కూర్చునే తీసుకునేవాడు. కారు స్టీరింగ్ మళ్ళీ ముట్టుకోలేదు. ఎవరైనా బ్రేకు గట్టిగా వేస్తే మాత్రం తల ఎత్తి చూసేవాడు. ఈ ఎండాకాలంలో ఆయన పోయినప్పుడు బండ్లన్నీ ఇంటి ముందు వరసలోనే ఆగాయి. క్యాబ్‌లు, పెద్ద ఆటోలు, చిన్నవి. ఎవరూ చెప్పకుండానే.

ఇది రాయడానికి సాయం చేసినవాళ్ళకు రుణపడి ఉన్నాను. పాత మోటారు పత్రికల కట్టలను అటకమీదినుంచి దింపించి, మూసే వేళ దాటినా నన్ను లేపని మా గ్రంథపాలకురాలు సుజాత గారికి. చక్కెర డబ్బా సంగతి రాయమని గుర్తుచేసిన వెంకటేశ్వర్లు గారికి. తాను దిగిన రోజు గురించి సిగ్గుపడకుండా చెప్పిన శ్రీశైలానికి. జామకాయల లచ్చమ్మకు, తిట్టింది తిట్టినట్టు రాయనిచ్చినందుకు. తప్పు కారు తీసేసి, ఇంకో ఫ్లెక్సీ వేసిస్తానన్న, ఫ్లెక్సీలు అచ్చువేసే నాగేష్‌కు.

అందరికంటే యాదమ్మ వదినకు. ఇదంతా ఆమెకు చదివి వినిపించాను. బియ్యం ఏరుకుంటూ చివరిదాకా విన్నది.

"మంచిగనే రాసినవ్. ఒక్కటి రాయలె" అన్నది.

"ఏంది వదినా?"

"దిగినంక పగటీలి బువ్వ ఇంట్ల తిన్నడు. పెండ్లయినకాన్నుంచి ఎన్నడన్న తిన్నడా? ముందు మాట్లాడకుంట తిన్నడు, తర్వాత ఉప్పు తక్కువ, కారం ఎక్కువ అని లొల్లి వెట్టుకుంట తిన్నడు. పోయేదాంక రోజు తిన్నడు, వేడివేడిగ. గది రాయి."